మనసుకూ బడ్జెట్ వస్తోంది, వాడ సిద్ధంగా ఉందా?

నా పీహెచ్‌డీ పని మీద రెండేళ్లుగా ఒక కోస్తా జిల్లాలో పల్లెలు తిరుగుతున్నాను. మొన్న ఒక మాదిగ పల్లెలో ఆశా కార్యకర్త వెంట ఇల్లిల్లూ వెళ్లాను. ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి మనిషికీ ఆమె ఒక ఫారం నింపాలి. పొగాకు అలవాటుందా, దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, నోట్లో పుండు మానకుండా ఉందా, ఇలా సాగుతుంది ఆ ఫారం. అందులోనే రెండు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? మూడిళ్లు చూశాను. మూడింట్లోనూ ఆ రెండు ప్రశ్నలూ అడగకుండానే ఆమె "లేదు" అని టిక్కు పెట్టేసింది.

"అవి అడగవా అక్కా?" అన్నాను.

"అడగటానికేముందమ్మా, అడుగుతాను. అవునంటే ఎక్కడికి పంపను? షుగరంటే బిళ్లలున్నాయి. దీనికి నా సంచీలో ఏముంది?"

ఆ పల్లెలో అప్పిచ్చినవాళ్లు వచ్చి గుమ్మం ముందు కూర్చుంటున్న ఇల్లుంది. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి వచ్చి మూడు నెలలుగా గది దాటని కుర్రాడున్న ఇల్లుంది. కానీ ప్రభుత్వ కాగితం ప్రకారం అక్కడ దిగులు పడ్డ మనిషి ఒక్కరూ లేరు. కాగితంలో లేని బాధకు పోస్టు మంజూరు కాదు, మందు రాదు, పైసా కేటాయించరు. మన వాడల విషయంలో మానసిక ఆరోగ్య బడ్జెట్ కథ అక్కడే మొదలై అక్కడే ఆగిపోతోంది.

ఇది ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే కొన్నేళ్ల డబ్బు ఎటు పోవాలో తేలే కాలం ఇదే. జాతీయ ఆరోగ్య మిషన్ కింద రాష్ట్రాలు 2022 నుంచి రెండేళ్లకు కలిపి ప్రణాళికలు పంపుతున్నాయి. 2024-26 ప్రణాళిక 2026 మార్చితో ముగుస్తుంది. పదహారో ఆర్థిక సంఘం అయిదేళ్ల లెక్క 2026 ఏప్రిల్‌తో మొదలవుతుంది. ఇంకో పక్క, ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అదే ఏడాది జూలైలో, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. జనాభాకు తగ్గ సంఖ్యలో నిపుణులను పదేళ్లలో సమకూర్చాలని అది ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టింది. ఆ పదేళ్లూ 2028తో నిండుతాయి.

కోర్టు మాట అమలవ్వాలంటే పోస్టులు కావాలి. పోస్టులకు నిధులు కావాలి. అవి ఎవరి పేరున, ఏ పద్దులో వస్తాయన్నది మార్చిలో అసెంబ్లీలో తేలదు. అంతకు నాలుగైదు నెలల ముందే జిల్లా ఆఫీసుల్లో, సచివాలయంలో, ఒక ఎక్సెల్ షీటులో తేలిపోతుంది. ఆ షీటు తయారయ్యేటప్పుడు మనవాళ్లెవరైనా ఆ గదిలో ఉన్నారా? ఈ వ్యాసం అడిగేది ఆ ఒక్కటే.

ఇప్పటిదాకా నడిచిన కథ తెలిస్తే ముందు ఏం అడగాలో తెలుస్తుంది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ చేసిన ప్రయోగాన్ని నమూనాగా తీసుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఇవాళ అది 767 జిల్లాలకు మంజూరైంది. ఒక్కో జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల రూపాయల వరకు ఇవ్వొచ్చు. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు, ఇలా ఒక బృందం ఉండాలి. నేను తిరిగిన జిల్లాలో సైకాలజిస్టు కుర్చీ ఖాళీ. ఉన్న ఒక్క డాక్టరు వారంలో మూడు రోజులు పెద్దాసుపత్రి ఓపీలోనే కూర్చుంటారు. పల్లెకు వచ్చే తీరిక ఆయనకు లేదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు, లెక్క 0.75 దగ్గర ఆగింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అంటే మన రెండు రాష్ట్రాల ప్రణాళికలూ ఇన్నాళ్లుగా వేరే రాష్ట్రాల లెక్కల నీడలో నడిచాయి.

2022 అక్టోబర్ 10న టెలీ మానస్ వచ్చింది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మంచి పనే. రాత్రిపూట గుండె బరువెక్కిన ఎవరైనా ఈ నంబరు వాడుకోవాలి. ఈ వ్యాసం చదువుతున్నవారిలో అలా ఉన్నవారుంటే ముందు ఆ ఫోన్ చేయండి, మిగతాది తరవాత చదవొచ్చు. కానీ ఫోన్ పెట్టేశాక మనిషి వెళ్లాల్సిన చోటు ఒకటి దగ్గరలో ఉండాలి కదా. ఆ చోటు కట్టకుండా నంబరొక్కటీ ఇస్తే సరిపోదు. ఆ నంబరుకైనా నిధులు పెరిగాయా అంటే, 2023-24లో దాదాపు 134 కోట్లు చూపించిన పద్దు 2024-25లో 90 కోట్లకు దిగింది. కేంద్ర ఆరోగ్య బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి నేరుగా కనిపించే పద్దులన్నీ కలిపినా ఒక శాతం చుట్టూనే తిరుగుతున్నాయి. అందులోనూ సింహభాగం బెంగళూరు నిమ్హాన్స్‌ది. జిల్లా కార్యక్రమం డబ్బు ఆరోగ్య మిషన్ ఉమ్మడి నిధిలో కలిసిపోయి ఉంటుంది, బడ్జెట్ పుస్తకంలో విడిగా కనపడదు. కనపడని డబ్బును ఎవరూ నిలదీయలేరు. నిలదీయని డబ్బు ఖర్చు కాకపోయినా అడిగే దిక్కుండదు.

ఇక కులం లెక్క. దేశంలో ఆత్మహత్యల మీద జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా పెద్ద నివేదిక వేస్తుంది. వయసు, చదువు, వృత్తి, ఆదాయం, పెళ్లి, అన్నీ ఉంటాయి. కులం కాలమ్ ఉండదు. 2022లో చనిపోయినవారిలో నూటికి 26 మంది దినకూలీలని అదే నివేదిక చెబుతుంది. ఈ దేశంలో దినకూలీ ఏ వాడల నుంచి వస్తాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 నుంచి 2021 వరకు ఐఐటీలు, ఎన్‌ఐటీలు, కేంద్ర విశ్వవిద్యాలయాల్లాంటి కేంద్ర సంస్థల్లో 122 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని 2021 డిసెంబర్‌లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. వారిలో 24 మంది ఎస్సీలు, ముగ్గురు ఎస్టీలు, 41 మంది ఓబీసీలు. 122లో 68. ఒక ఎంపీ ప్రశ్న వేస్తే ఈ లెక్క బయటికొచ్చింది. ప్రశ్న వేయకపోతే అదీ లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. పీహెచ్‌డీ రెండో ఏడు నా ఫెలోషిప్ ఎనిమిది నెలలు ఆగింది. మెస్ బాకీ, ఇంటికి డబ్బు పంపలేని సిగ్గు, గైడు దగ్గర ముఖం చాటేయడం. నిద్ర పోయింది. స్నేహితురాలు బలవంతం చేస్తే క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, ఓపిగ్గా విన్నారు. నేను ఫెలోషిప్ గురించి, ల్యాబు మీటింగులో నా ఇంగ్లీషు మీద పడిన జోకు గురించి, "కోటా" అన్న మాట గురించి చెప్పాను. ఆవిడ కాగితం మీద "అతిగా ఆలోచించడం" అని రాసుకున్నారు. ఊపిరి వ్యాయామం నేర్పారు. "ప్రతిదాంట్లోకీ కులాన్ని తెచ్చుకుంటే నీకే కష్టం కదమ్మా" అన్నారు. మళ్లీ వెళ్లలేదు. ఎనిమిదో నెల చివర ఫెలోషిప్ పడింది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఊపిరి వ్యాయామాన్ని నేను ఎగతాళి చేయడం లేదు. తరవాత పరీక్షల ముందు అది నాకు పనికొచ్చింది కూడా. కానీ నా జబ్బులో సగం ఆ ఫెలోషిప్ ఫైలులో ఉంది. మిగతా సగం ఆ ల్యాబు గదిలో ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దూరమైనప్పుడు అతనికి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది. హాస్టల్ నుంచి వెలేశారు. క్యాంపస్‌లోనే వెలివాడ వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజున ఆ విశ్వవిద్యాలయంలో పదిమంది కౌన్సెలర్లుంటే అతను బతికేవాడా? నా దగ్గర జవాబు లేదు. వెలి ఎత్తేసి, ఫెలోషిప్ ఇచ్చి ఉంటే అన్న ప్రశ్న మాత్రం పదేళ్లుగా అలాగే ఉంది.

అందుకే కౌన్సెలర్ పోస్టులు వస్తున్నాయంటే చప్పట్లు కొట్టి ఊరుకోకూడదు. ఆ పోస్టులో కూర్చునే మనిషి ఎవరు, వారికి ఏం నేర్పారు, ఏం చేసే అధికారం ఉంది అని అడగాలి. 2025 జూలై మార్గదర్శకాల్లో ఒక ముఖ్యమైన అంశం ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ తదితర అణగారిన వర్గాల విద్యార్థులతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది. 2017 చట్టం 18వ సెక్షన్ కూడా కుల వివక్ష లేని మానసిక వైద్యాన్ని హక్కుగా రాసింది. వైద్యం దగ్గర కులం అడ్డం రావచ్చని చట్టమే ఒప్పుకున్నాక, కులం ఊసెత్తొద్దనే కౌన్సెలింగ్ చట్టానికే ఎదురు నిలిచినట్టు.

మన వైపు లోపాలూ ఉన్నాయి. మా పేటలో మనసు బాగోలేని మనిషిని ఇప్పటికీ "పిచ్చి" అనే అంటారు. గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, ప్రార్థన కూటానికి తీసుకెళతారు. ఆసుపత్రి ఆఖరున గుర్తొస్తుంది. ఉద్యమంలోనూ అంతే. పోరాడేవాడికి దిగులేంటి అంటారు మన అన్నలు. పగలు సభలో గొంతెత్తిన మనిషి రాత్రి గదిలో ఒంటరిగా ఎలా ఉన్నాడో అడగం. అది బలహీనత అనుకునేవారికి బరోడా గుర్తుచేస్తాను. 1917లో విదేశాల్లో చదివి వచ్చిన బాబాసాహెబ్‌ను పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయి రైలు వేళ దాకా ఆయన కామాఠీ బాగ్ తోటలో కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ల తరవాత కూడా ఆ రోజు తలుచుకుంటే కన్నీళ్లు వస్తాయని ఆయనే రాసుకున్నాడు. రాజ్యాంగం రాసిన మనిషి తన కన్నీళ్ల గురించి దాచుకోలేదు. మనమెందుకు దాచాలి?

వాడలో మనసు కష్టం ఎక్కువసార్లు సారా వాసనతో బయటికొస్తుంది. మా చిన్నాన్న రోజుకూలీ సగం బెల్టుషాపుకే పోసేవాడు. అతన్ని తాగుబోతన్నారేగానీ రోగి అని ఎవరూ అనలేదు. ఈ సంగతి ప్రభుత్వాల కంటే ముందు తెలుసుకున్నది మన ఆడవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం ఆ పోరాటం నుంచే వచ్చాయి. నిషేధం తరవాత పోయింది. తాగుడు మాన్పించే వైద్యం మాత్రం అప్పుడూ పల్లెకు రాలేదు, ఇప్పుడూ రాలేదు.

దీనికి డబ్బు లేక కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ మత్తు వాడకం తగ్గించే జాతీయ కార్యాచరణ కింద వ్యసన విముక్తి కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇస్తుంది. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి. మన సంఘాలు ఎన్ని పెట్టాయి? ప్రతి ఊళ్లో అంబేడ్కర్ యువజన సంఘం ఉంది. ఏప్రిల్ 14న బ్రహ్మాండంగా జయంతి చేస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ ఉందా? పాన్ కార్డు, సంఘం పేరున బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్, దర్పణ్ నంబరు ఉన్నాయా? అవి లేనిదే గ్రాంటు దరఖాస్తు గడప కూడా దాటదు. అవన్నీ ఉండి, ఇంగ్లీషులో నలభై పేజీల ప్రతిపాదన రాయగల పట్నం సంస్థలు మన వాడల పేరుతో డబ్బు తీసుకుంటాయి. వారిని తిట్టి లాభం లేదు. మనం కాగితాలు సర్దుకోవాలి.

సర్దుకోవడం ఎక్కడ మొదలెట్టాలి? ఊరి నుంచే. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ప్రతి ఊళ్లోనూ కాగితం మీద ఉంటుంది. అందులో ఎస్సీ, ఎస్టీలకు చోటుండాలి. మీ ఊళ్లో ఆ చోటులో ఎవరున్నారో కనుక్కోండి. కమిటీ సమావేశంలో ఒక్క తీర్మానం రాయించండి: మా ఊరి క్లినిక్‌కు నెలకొకసారి జిల్లా మానసిక ఆరోగ్య బృందం రావాలి, మందులు ఇక్కడే ఇవ్వాలి. ఊరి మాట మండలానికి, మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి ఎక్కాలన్నదే ప్రణాళిక పద్ధతి. కింద నుంచి ఎవరూ అడగకపోతే పైన పాత ప్రణాళికకే కొత్త తేదీ వేస్తారు. కేంద్రం ఆమోదించిన కాగితాలు ఆరోగ్య మిషన్ వెబ్‌సైటులోనే పెడతారు. మీ రాష్ట్రానిది తీసి, మానసిక ఆరోగ్యం పద్దులో ఎంత ఇచ్చారో చూసి, ఎంత ఖర్చయిందో సమాచార హక్కు కింద జిల్లా వైద్యాధికారిని అడగండి. ఖాళీ కుర్చీల లెక్క కూడా అడగండి.

రెండోది ఉపప్రణాళిక. ఆంధ్రప్రదేశ్‌లో 2013 చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. తెలంగాణ చట్టంలో ఖర్చుకాని సొమ్మును తరవాతి ఏటికి బదిలీ చేసే ఏర్పాటుంది. ఈ నిధిని అందరికీ వేసే రోడ్ల లెక్కలోకి మళ్లిస్తారని మనం ఏళ్లుగా మొత్తుకుంటున్నాం. మళ్లించకుండా దేనికి వాడాలో కూడా మనమే చెప్పాలి. నా ప్రతిపాదన ఇది. ప్రతి సాంఘిక సంక్షేమ గురుకులంలో ఒక శాశ్వత కౌన్సెలర్ ఉండాలి. గురుకులంలో వందమంది కంటే ఎక్కువ పిల్లలే ఉంటారు, కోర్టు ఆదేశం హాస్టళ్లకూ వర్తిస్తుంది. అమ్మను వదిలి అయిదో తరగతిలోనే హాస్టల్‌కు వచ్చే పసిపిల్లలు వాళ్లు. ఆ కౌన్సెలర్లను తయారుచేయడానికీ ఆ నిధే వాడాలి. క్లినికల్ సైకాలజీలో సీట్లు తక్కువ, ప్రైవేటు ఫీజులు మనవాళ్లకు అందవు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల్లో సీట్లు పెంచి, ప్రైవేటు సీటు తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి మొత్తం ఫీజు కట్టాలి. మన పిల్లలు ఆ కుర్చీలో కూర్చున్న రోజున "కులాన్ని ఎందుకు తెస్తావు" అన్న మాట ఆ గదిలో వినపడదు.

మూడోది అత్యాచారాల బాధితులు. అట్రాసిటీ నిబంధనల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. పరిహారం, చార్జిషీటు మాట్లాడతారు. ఆ కుటుంబం ఎలా నిద్రపోతోందని ఎవరూ అడగరు. జిల్లా మానసిక ఆరోగ్య బృందం నుంచి ఒకరు ఆ సమావేశానికి రావాలని, ప్రతి బాధిత కుటుంబాన్నీ ఇంటికెళ్లి కలవాలని కమిటీలోని మన సభ్యులు అడగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

నాలుగోది చట్టంలో మనకున్న కుర్చీలు. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో జబ్బు అనుభవించినవారికి, వారిని చూసుకునేవారికి, స్వచ్ఛంద సంస్థలకు స్థానాలున్నాయి. ఆ పేర్లలో దళితులు, ఆదివాసులు ఎందరు అని అడిగే బాధ్యత మనది.

ఇదంతా విని ఒక సీనియర్ మిత్రుడు నన్ను అడిగాడు: "అన్యాయానికి మందు బిళ్ల ఇచ్చి మన కోపాన్ని చల్లార్చడమే కదా ఇది?" భయం న్యాయమైనదే. భూమి గొడవలో దెబ్బలు తిన్న మనిషికి నిద్రమాత్ర ఇచ్చి కేసు మూసేయడం నేను చూశాను. అందుకే మానసిక ఆరోగ్య సేవ అంటే డాక్టరు, బిళ్ల మాత్రమే కాదని మన ప్రతిపాదనలో రాయాలి. ఫెలోషిప్ ఆగితే రిజిస్ట్రార్‌కు రాయగల, అట్రాసిటీ జరిగితే సాక్ష్యం చెప్పగల, అప్పులో ఉన్న కుటుంబాన్ని బ్యాంకు దాకా తీసుకెళ్లగల సామాజిక కార్యకర్త కావాలని అడగాలి. అదే సమయంలో, నిజంగా బిళ్ల అవసరమైన మనిషికి సిద్ధాంతం చెప్పి బిళ్ల దూరం చేయకూడదు. సమాజం మారేదాకా ఆ మనిషి బతికుండాలి కదా. బహుజనులకు తమను అర్థం చేసుకునే థెరపిస్టులను వెతికిపెట్టే 'ద బ్లూ డాన్' లాంటి ప్రయత్నాలు ప్రభుత్వ సాయం కోసం ఆగకుండా ఆ పని మొదలుపెట్టాయి. వారి భుజాల మీదే బరువంతా వదిలేయడం మాత్రం అన్యాయం. ఇది హక్కు, చందాలతో నడిచేది కాదు.

పోయిన వారం మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. ఈసారి ఆశా అక్కతో ఒక ఒప్పందానికొచ్చాం. ఆమె ఆ రెండు ప్రశ్నలూ అడుగుతుంది. అవునన్నవారి సంఖ్యను ఊరి కమిటీ పుస్తకంలో రాయిస్తుంది, పేర్లు రాయదు. వారికి 14416 చెబుతుంది. నేను ఆ తీర్మానం ముసాయిదా రాసిచ్చాను. మొదటి రోజు పదకొండు ఇళ్లు తిరిగాం. నాలుగిళ్లలో "అవును" అన్నారు. ఒక పెద్దామె ఆ మాట చెప్పి, "ఇది కూడా రాసుకుంటారా?" అని అడిగింది.

రాసుకుంటాం అమ్మా. ఇక నుంచి రాసుకుంటాం. ఆ పుస్తకం జిల్లా కేంద్రానికి చేరేదాకా వెంటపడటం మన పని.

జై భీమ్.